మగ్గం గుంతకు కాలి కొలత

నా జీవితంలో నేను ఒకే ఒక్క కేసు వాదించాను. కోర్టులో కాదు, మా ఇంటి ముందు గదిలో. ఫిర్యాది నేనే, ప్లీడరు నేనే. సాక్ష్యం కూడా ఎవరినీ అడుక్కోకుండా నేనే తెచ్చి పెద్దమనిషి ముందు పెట్టాను. ఆ సాక్ష్యమే నన్ను నిలువునా ముంచింది. ధర్మవరంలో మా వీధిలో ఇప్పటికీ ఎవరింట్లో సిమెంటు పని మొదలైనా, మేస్త్రి టేపు బయటికి తీయకముందే ఎవరో ఒకరు "రామాంజిని పిలవండప్పా, కొలతిస్తాడు" అంటారు. అందరూ కాసేపు పని ఆపి నవ్వుకున్నాకే తాపీలు మళ్ళీ కదులుతాయి. ఇంత పేరు తెచ్చిపెట్టిన ఆ ఘనకార్యం ఏమిటో మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో మీకు నన్ను కొట్టాలనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి, చివర్లో నాకు తగ్గ శిక్ష కూడా ఉంది.

మాది నేతగాళ్ళ ఇల్లు. దేవుడి గది వేరే ఉన్నా, అసలు దేవుడు ముందు గదిలో ఉన్న మగ్గమే. నాయన పొద్దున్నే స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టుకుని, నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి గట్టు మీది పలకపై కూర్చుంటాడు. తొక్కుడు చెక్కలు ఆ గుంతలోనే ఉంటాయి. పైన చేతులు అడ్డపోగు వేసే నాడె ఆడిస్తుంటే కింద కాళ్ళు చెక్కలు తొక్కుతుంటాయి. కాళ్ళు సరిగ్గా అందకపోతే చేతుల్లో ఎంత పనితనం ఉన్నా పట్టుచీర దిగదు. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుంచుకోండి, ఎందుకంటే కాసేపట్లో నేను మరిచిపోతాను.

నేను మాత్రం మగ్గం జోలికి పోలేదు. డిగ్రీ చదివి, పట్టుచీరల అంగట్లో బిల్లు కౌంటరు దగ్గర కూర్చునేవాణ్ణి. ఇన్‌షర్టు, చేతికి గడియారం, కాళ్ళకు మందపాటి అడుగున్న స్పోర్ట్స్ బూట్లు. ఆ బూట్ల కోసం ప్రత్యేకంగా అనంతపురం పోయి వచ్చాను. వాటిని గడప బయట వదలడానికి మనసొప్పక మంచం దాకా వేసుకుని వచ్చేవాణ్ణి. "ఒరే, ఆ బూట్లు నిద్రలోనన్నా ఇప్పుతావా, లేక కాళ్ళతోనే పుట్టినాయా అవి?" అని అమ్మ రోజూ అడిగేది. అమ్మ అడిగిన ప్రశ్నలకు అప్పట్లోనే సమాధానం చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇంతకీ ఇల్లు బాగు చేయించాల్సిన పని ఎందుకొచ్చిందంటే, వాన వల్ల. మా సీమలో వాన పడితే జనం బయటికొచ్చి చేతులు చాపి చూసుకుంటారు, నిజమా కాదా అని. అలాంటి ఊళ్ళో వాన వల్ల నష్టపోయిన ఘనత మా ఇంటిది. వీధిలో వేసిన ప్రతి కొత్త రోడ్డూ పాత రోడ్డు మీదికెక్కి కూర్చుంది. రోడ్డు పెరిగింది, మా ఇల్లు పెరగలేదు. చివరికి మేము వీధిలోంచి ఇంట్లోకి దిగడం మొదలుపెట్టాం. ఒక సాయంత్రం ఎక్కడో దారి తప్పిన మేఘం ఒకటి మా ఊరి మీద కురిసింది. వీధంతా సంబరం. నీళ్ళన్నీ మా గడప దాటి తిన్నగా మగ్గం గుంతలోకి దిగాయి. అందరూ వానను చూసి మురిసిపోతుంటే నాయన ఒక్కడే చెంబు పట్టుకుని గుంతలో నీళ్ళు తోడుకుంటూ కూర్చున్నాడు.

"నాయనా, నేల ఎత్తు చేయిద్దాం. ఈ పాత తాడిపత్రి బండలు తీసేసి టైల్స్ వేయిద్దాం. అంతా నాకు వదిలెయ్యి" అన్నాను.

"నీకు వదిలేసేదానికే నా భయం" అన్నాడు నాయన. అయినా వదిలేశాడు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

మేస్త్రి పేరు ఓబులేసు. చలువ చొక్కా, చెవి మీద పెన్సిలు, చేతికో ఫోను. మా ఇంట్లో ఉన్నప్పుడు రెండు ఫోన్లలోనూ ఎవరికో "వస్తాండా, దావలో ఉండా" అని చెబుతుండేవాడు. మేము ఫోన్ చేసినప్పుడు మాకూ అదే చెప్పేవాడు. దావ అంటే దారే, ఆయన దావలో లేని సమయం నేను చూడలేదు. పనిలో ఏ లోపం చూపించినా ఆయన దగ్గర ఒకటే మందు, "సెట్ అయితాది." గోడ పగిలినా సెట్ అయితాది, కుళాయి కారినా సెట్ అయితాది. ఆ మాట ఎంత నమ్మకంగా అనేవాడంటే, విన్న గోడ కూడా సిగ్గుపడి తనంతట తానే సర్దుకుంటుందేమో అనిపించేది.

దుమ్ము పట్టుకు పడదు కాబట్టి మగ్గం విప్పి గుడ్డలు కప్పాం. నాయనకు దుమ్ముతో దగ్గు కాబట్టి అమ్మనూ నాయననూ రాయదుర్గం బస్సెక్కించాను. అక్కడ మా అక్క, బావ ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లు కుట్టిస్తారు. అలా ఇంటికి నేనే యజమానినయ్యాను. యజమాని అన్నాక బూట్లు విప్పుతాడా? విప్పలేదు.

నేల ఎత్తు చేశారు. ఇక గుంత కొత్త నేలకు తగ్గట్టు కట్టాలి. పాతది మట్టి గుంత, నాయన తన కాళ్ళకు తగ్గట్టు ఎప్పటికప్పుడు సర్దుకునేవాడు. కొత్తది సిమెంటుది. తొక్కుడు చెక్కల స్టాండు కూడా అడుగున సిమెంటులోనే బిగించాలని, అప్పుడే గట్టిగా ఉంటుందని, నేను ఫోనులో ఏదో వీడియో చూసి పట్టుబట్టాను. అందుకు ఒక్క కొలత కావాలి.

"కూర్చునే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టు. పలక కాడ నుంచి అరికాలు దాకా ఒగ కట్టె కొలిసి కోసి ఈడ పెట్టు. మా వాళ్ళు దాని లెక్కన కట్టేస్తారు" అన్నాడు ఓబులేసు.

"నువ్వు ఉండి చూసుకోవా అన్నా?"

"వస్తా లేప్పా, దావలో ఉంటా" అని బండెక్కి పోయాడు.

ఇప్పుడు నేను ఏం చేయాలి? రాయదుర్గం ఎంత దూరమని? ఫోన్ చేస్తే అక్క దర్జీ టేపుతో నాయన కాలు కొలిచి చెప్పేది. ఆ ఇంట్లో ఉన్నన్ని టేపులు జిల్లాలో ఇంకెక్కడా ఉండవు. కానీ నాకు ఫోన్ చేయాలనే తట్టలేదు. ఎందుకు తట్టాలి? చిన్నప్పటి నుంచి వీధిలో ప్రతివాడూ నా గడ్డం పట్టుకుని "అచ్చం వాళ్ళ నాయనే, దించినట్టు ఉండాడు" అన్నవాడే. అద్దంలో చూసుకున్నాను. అవును, అదే ముక్కు, అవే చెవులు. ముక్కూ చెవులూ అవే అయినప్పుడు కాళ్ళు మాత్రం పక్కింటివవుతాయా? దర్జాగా కుర్చీలో కూర్చుని, నా కాలు వేలాడదీసి, పక్కన వెదురు బద్ద నిలబెట్టి, అరికాలు దగ్గర గాటు పెట్టి కోశాను. అరికాలు అంటే మీకు అర్థమైందిగా, బూటు అడుగు. పైగా ఆ బద్దకు ఎర్ర దారం కట్టి, మధ్యలో పసుపు బొట్టు కూడా పెట్టాను.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. "కొలత ఇచ్చినావా రా?"

"ఇచ్చినా నాయనా. వెంట్రుకవాసి తేడా రాదు."

అందులో అబద్ధం లేదని మనవి. గుంత కట్టాక తేడా వెంట్రుకవాసి కూడా రాలేదు, నా కాలికి.

పని అయిపోయింది. టైల్స్ మీద నడిస్తే మొహం కనబడుతోంది. అమ్మా నాయనా తిరిగొచ్చారు. మగ్గం బిగించి, కొత్త పడుగు ఎక్కించి, కొబ్బరికాయ కొట్టారు. వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు నాగలింగప్ప తాతను పిలిచాం. నాయన మగ్గానికి మొక్కి, పలక మీద కూర్చుని, గుంతలోకి కాళ్ళు వదిలాడు. కాళ్ళు పోయాయి. ఇంకా పోయాయి. నాయన ముఖంలో, మెట్టు ఉందనుకుని అడుగు వేసినవాడి ఆశ్చర్యం కనిపించింది.

"ఒరే రామాంజీ, చెక్కలు యాడికి పోయినాయి రా?"

"ఆడే ఉండాయి నాయనా. రోంత కిందికి."

నాయన కాళ్ళు చాపాడు. వేలి కొసలు కూడా తగల్లేదు. ఇంకొంచెం జరిగాడు. ఇంకొంచెం జరిగేసరికి పలక మీద నుంచి జారి, నేసిన చీర చుట్టుకునే దోనెకు గడ్డం ఆనించి ఆగాడు. హారతి పళ్ళెం పట్టుకున్న అమ్మకు నవ్వు ఆగలేదు. తాత కూడా తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"కొత్త కదా నాయనా, అలవాటైతాది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఓబులేసు గొంతులా వినబడింది.

ఆ తర్వాత మా ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. తొక్కుడు చెక్కలకు ఇటుక ముక్కలు కట్టాం. నాయన ఒకసారి తొక్కితే ఒక ముక్క ఊడి పడేది, రెండోసారి తొక్కితే రెండోది. అమ్మ పీట తెచ్చి బిగించాం. అది తొక్కినప్పుడల్లా మూలిగి చివరికి విరిగింది, ఆ రోజు అమ్మ కూర వండనని కూర్చుంది. కూర్చునే పలకను కిందికి దించాం. అప్పుడు కాళ్ళు అందాయి కానీ మగ్గం నాయన మెడ దాకా వచ్చింది. పెద్దవాళ్ళ బల్ల దగ్గర అన్నానికి కూర్చున్న పసిపిల్లాడిలా తల ఒక్కటే పైకి పెట్టి, చేతులు ఎత్తి నాడె కోసం వెతుక్కున్నాడు నాయన.

ఓబులేసుకు ఫోన్ చేశాను. దావలో ఉన్నాడు. మళ్ళీ చేశాను. దావలోనే ఉన్నాడు. చివరికి వేరే వీధిలో ఒక ఇంటి ముందు పట్టుకుని బండి వెనక కూర్చుని తీసుకొచ్చాను.

"గుంత లోతు ఎక్కువైందన్నా" అన్నాను.

ఆయన గుంత చుట్టూ ఒకసారి తిరిగి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుని, "సెట్ అయితాది" అన్నాడు.

"గుంత ఎట్ల సెట్ అయితాదన్నా? పైకి లేస్తాదా?"

"కొత్త నేల కదప్పా, రోంత దిగుతాది."

"దాంతో పాటు గుంత కూడా దిగితే?"

ఇది ఆయన ఆలోచించలేదు. వెంటనే పైపులో నీళ్ళు పోసి మట్టం చూశాడు. మట్టం ఖచ్చితంగా ఉంది. నేను వదల్లేదు. వంటింటి తలుపు కొత్త టైల్స్ మీద గీసుకుంటూ కీచుమంటోంది, చూపించాను. ఇల్లు కడిగితే నీళ్ళు వీధిలోకి పోకుండా తిన్నగా దేవుడి గదిలోకి పోతున్నాయి, అదీ చూపించాను.

"మంచిదే లే, దేవునికి కాళ్ళు కడిగినట్ల" అన్నాడు ఓబులేసు.

"దేవుని కాళ్ళు సరే, మా నాయన కాళ్ళ సంగతి చెప్పు. గుంత ఎక్కువ తవ్వినారు మీ వాళ్ళు."

"నువ్విచ్చిన కట్టె లెక్కనే కట్టినారప్పా. మీ నాయనకు వయసైంది కదా, కాళ్ళు గుంజుకపోయింటాయి."

నేను ఆ మాటకు అక్కడే అడ్డం పడాల్సింది. పడలేదు. ఎందుకంటే నాకు లోపల ఒక లెక్క ఉంది. నా కొలత తప్పయ్యే వీలే లేదు. కాబట్టి ఉంటే రెండే కారణాలు ఉండాలి. మేస్త్రి ఎక్కువ తవ్వి ఉండాలి, లేదా నాయన తగ్గి ఉండాలి. "కాళ్ళు గుంజుకపోతే మాత్రం ఇంతనా?" అని గొణిగాను, బేరం ఆడుతున్నట్టు. వెనక నాయన నిలబడి వింటున్నాడని నాకు తెలియదు.

మర్నాడు నాయన ఎవరికీ చెప్పకుండా మా సందు చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి వచ్చాడు. వయసు మీద పడితే ఎముకలు కొంచెం తగ్గుతాయిలే అని ఆయన ఏదో సర్దిచెప్పి కాల్షియం మాత్రలు ఇచ్చాడట. నాయన ఆ మాత్రలు పక్కన పెట్టుకుని, మెరిసిపోయే కొత్త టైల్స్ మీద కాళ్ళు చాపుకుని, వాటిని చూసుకుంటూ కూర్చున్నాడు. చేతులు మాత్రం ఊరికే ఉండలేక, నాడె లేకుండానే అటూ ఇటూ ఆడుతున్నాయి.

"సుబ్బమ్మా" అన్నాడు అమ్మతో. "ఇంగ చాలు లే. కాళ్ళే తగ్గిపోయినంక ఏం నేస్తాం? మగ్గం ఎవరికన్నా ఇచ్చేద్దాం. వాడెట్లా నేసేవాడు కాదు."

నాకు నిజంగా భయం వేసింది. పుట్టినప్పటి నుంచి నేను నిద్ర లేచింది మగ్గం చప్పుడుకే. ఆ చప్పుడు విసుగనుకున్నాను గానీ, అది లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించలేదు. పడుగు ఎక్కిన మగ్గం గుడ్డ కప్పుకుని ఓ పక్క, మాట లేని నాయన ఓ పక్క. మంచి కొడుకైతే ఆ క్షణంలో కూర్చుని ఆలోచించేవాడు. నేను లేచి మేస్త్రి మీద యుద్ధం ప్రకటించాను.

నాగలింగప్ప తాత పెద్దమనిషిగా మా ముందు గదిలో పంచాయితీ. ఫిర్యాది ఇంట్లో టిఫిను పెట్టడం మా దగ్గర మర్యాద కాబట్టి అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. ఓబులేసు ఆ రోజు మాత్రం దావలో లేడు. అందరికంటే ముందు వచ్చాడు. "బజ్జీ బ్రహ్మాండంగా ఉండాది వదినా" అని ముద్దాయిలా కాకుండా పెళ్ళికొడుకు మేనమామలా తిన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "తాతా, ఈయప్ప చేసిన పనికి మా నాయన మగ్గం అమ్మేసే కాడికి వచ్చినాడు. నేను ఇచ్చిన కొలత ఒగటి, ఈయప్ప కట్టింది ఒగటి."

"కొలత ఏమైనా ఉండాదా నీ కాడ?" అన్నాడు తాత.

ఈ ప్రశ్న కోసమే నేను పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాను. బీరువా మీద దాచిన వెదురు బద్దను తీసి, ఎర్ర దారం కనబడేలా రెండు చేతులతో పట్టుకుని తాత ముందు పెట్టాను. "ఇదో, ఇదే!"

ఓబులేసు బజ్జీ పక్కన పెట్టి లేచాడు. బద్ద తీసుకుని గుంతలో పలక అంచు నుంచి తొక్కుడు చెక్క దాకా నిలబెట్టాడు. సరిపోయింది. దారం పట్టేంత సందు కూడా లేదు.

"సూసినావా తాతా? ఓబులేసు పనంటే ఇట్లుంటాది" అని తొడ చరిచాడు.

అయినా నాలోని ప్లీడరు తలొంచలేదు. "అట్లయితే నాయన కాళ్ళు ఎందుకు అందడంల్యా?" అన్నాను.

తాత చెయ్యి చాపాడు. "ఆ కట్టె ఇట్లియ్యి. ఒరే నారాయణా, నువ్వు కుర్చీలో కూర్చో." నారాయణ అంటే మా నాయన. తాత వంగి నాయన కాలు పక్కన బద్ద నిలబెట్టాడు. నాయన అరికాలు ఎక్కడో పైన ఆగిపోయింది, కింద బద్ద ఒక్కటే వెళ్ళింది.

"చెప్తి కదా, కాళ్ళు గుంజుకపోయినాయని" అన్నాడు ఓబులేసు, మళ్ళీ బజ్జీ అందుకుంటూ. నాయన తల వంచుకున్నాడు. అప్పుడు వంటింటి తలుపు కీచుమంటూ తెరుచుకుంది. గరిటెతో అమ్మ.

"ఎవరి కాళ్ళప్పా గుంజుకపోయింది? పెండ్లినాడు ఎంతుండాడో ఇప్పుడూ అంతే ఉండాడు. కాళ్ళు తగ్గితే కట్టుకున్న లుంగీ నేల మీద ఊడవాల కదా! ఈ పొద్దు గూడా ఆయప్ప లుంగీ చీలమండ కాడనే ఉండాది, సూడండి."

అందరూ చూశారు. లుంగీ చీలమండ దగ్గరే ఉంది. డాక్టరుకు తట్టని పరీక్ష ఇది.

తాత నా వైపు తిరిగాడు. "రామాంజీ, ఈ కట్టె ఎవరి కాలికి కొలిసినావు?"

"నా కాలికి తాతా."

"నీ కాలికెందుకు కొలిసినావు?"

"నాయన ఊర్లో లేడు కదా. ఆయన కాళ్ళు, నా కాళ్ళు వేరేనా? ఊరు ఊరంతా నన్ను సూసి అచ్చం మీ నాయనే అంటారు కదా!"

గదిలో ఎవరూ నమలడం లేదు. నేను చెప్పిన మాట గాలిలో ఒక చుట్టు తిరిగి వచ్చి నా చెవిలోనే పడింది. అప్పుడు అమ్మ నిదానంగా అంది.

"మొగం వాళ్ళ నాయనది. కాళ్ళు మా అన్నవి."

మా మేనమామను మీరు చూడలేదు. బస్సులో ఆయన కూర్చుంటే ముందు సీటువాళ్ళు లేచి నిలబడాల్సిందే, మోకాళ్ళకు చోటు కోసం. అందరి కళ్ళూ ఒకేసారి నా కాళ్ళ మీదికి దిగాయి. జీవితంలో మొదటిసారి నేనూ నా కాళ్ళను చూసుకున్నాను. నిజమే, అవి ఇంకా ముందే ఆగిపోవచ్చు కదా అనిపించింది.

నా కాళ్ళు నాయన కాళ్ళకంటే పొడుగని మా వీధిలో ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే అందరూ ముఖమే చూశారు. కానీ ఓడిపోతున్న ప్లీడరు అంత తేలిగ్గా వదలడు. పంచాయితీ అని మర్యాదకు ఆ రోజు బూట్లు గడప దగ్గర విప్పాను. బద్ద లాక్కుని, కుర్చీలో కూర్చుని, నా ఉత్త కాలు పక్కన పెట్టుకున్నాను. బద్ద ఇంకా పొడుగే!

"సూడండి! నా కాలికీ సరిపోల్యా! కట్టె మార్చినాడు ఈ మేస్త్రి!" అని అరిచాను. ఆ ఒక్క నిమిషం నేను గెలిచాను.

తాత గడప వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చూపుడువేలుతో చూపించి, "అవి తొడుక్కోని రా" అన్నాడు.

తొడుక్కున్నాను. కూర్చున్నాను. సరిపోయింది.

మొదట నవ్వింది నాయనే. ఎలా నవ్వాడంటే కుర్చీలోంచి లేచి, రెండు కాళ్ళూ మార్చి మార్చి నేలకు తాటించి, "నా కాళ్ళు బాగుండాయి సుబ్బమ్మా! నా కాళ్ళు బాగుండాయి!" అని నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నాకు అవమానం సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, వీధిలో జాగ్రత్తగా కాపాడుతున్నారు. నాయన కాల్షియం మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "వద్దు లే. నువ్వింకా పెరిగితే ఇల్లు మళ్ళా కట్టించాల."

తాత తీర్పు చెప్పాడు. "ఓబులేసూ, వంటింటి తలుపు, కడిగిన నీళ్ళు పోయే వాటం నువ్వే సరిచెయ్యాల. కట్టె ఎవరిదని ఒగ మాట అడగకుండా బండెక్కి పోయింది నీ తప్పు. గుంత మాత్రం వీని సొంతం. దాని జోలికి నువ్వు పోవద్దు."

"సరే తాతా" అన్నాడు ఓబులేసు. తర్వాత అలవాటు కొద్దీ నా భుజం తట్టి "సెట్ అయితాది లేప్పా" అన్నాడు.

నేను ఆ గుంతను సగం పూడ్పించి సరిచేయిద్దామన్నాను. నాయన ఒప్పుకోలేదు.

"పూడ్చొద్దు. నాకు దాని పక్కనే ఇంగొగటి తవ్వు. ఈసారి కట్టె గిట్టె వద్దు, నేనే కూర్చోని సూపిస్తా. ఈ గుంతలో ఎవరి కాళ్ళు సరిపోతాయో వాళ్ళే కూర్చుంటారు."

గదిలో ఆ కాళ్ళు ఉన్నవాణ్ణి నేను ఒక్కడినే. మా మేనమామ ఉరవకొండలో ఉంటాడు, ఆయనను పిలిపించే వీలు కూడా లేదు.

అలా నా గుంత మీదికి ఇంకో మగ్గం కొని తెచ్చి, నేనూ మగ్గం ఎక్కాను. అంగడి మూశాక సాయంత్రాలు, సెలవు రోజులు, నాయన కొత్త గుంతలో, నేను పాత తప్పులో, పక్కపక్కన. నేను మొదట నేసిన బట్టను నాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని ఏ వైపు నుంచి చూడాలని అడిగాడు. ఇప్పుడు ఫరవాలేదు, అంచు తిన్నగానే వస్తోంది. మొన్న ఒక చీర దించినప్పుడు నాయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, బాగుందని అనలేదు గానీ, బాగాలేదని కూడా అనలేదు. మా ఇంట్లో అది ఘన సన్మానం. సాయంత్రం రెండు మగ్గాల చప్పుడు కలిసి వీధి చివరి దాకా వినబడుతుందని అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. నాకు కూడా ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండినట్టుంటుంది.

ఒక్కటే ఇబ్బంది. మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదు, బూట్లతో అసలే పోకూడదు. నా గుంతేమో బూట్లకు తగ్గట్టు కట్టింది. అందువల్ల ధర్మవరం మొత్తంలో మునివేళ్ళ మీద నాట్యం చేస్తూ పట్టుచీర నేసే నేతగాణ్ణి నేనొక్కడినే. చెక్కల మీద ఒక పలక కొట్టించుకుంటానని అడిగి చూశాను. "ఆ మాత్రం గుర్తుండల్ల" అన్నాడు నాయన.

కాబట్టి ఇందుమూలంగా, ఎర్ర దారం కట్టిన ఆ వెదురు బద్ద మీద చెయ్యి వేసి, మగ్గం సాక్షిగా, వంటింటి తలుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఎవరి కాళ్ళకు బదులు నా కాళ్ళు చూపించను. కొలత ఎవరిదైతే వాళ్ళనే కుర్చీలో కూర్చోబెడతాను, రాయదుర్గంలో ఉంటే బస్సెక్కించి రప్పిస్తాను. ఈ ప్రమాణం గుంతలో కూర్చుని, బూట్లు విప్పి, మునివేళ్ళ మీద చేస్తున్నాను. మడమలు ఆనడం లేదు గానీ, మాట మాత్రం ఆనుతుందని నమ్మండి.